కుస్కో శిథిలాల చరిత్రకారుడు ఇన్కా గార్సిలాసో

పెరూ దేశంలో, ఆండీస్ పర్వతాల నడుమ, సముద్రమట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న కుస్కో నగరం నుంచి ప్రతి ఉదయం పర్యాటకుల బస్సులు బయలుదేరుతాయి. కొన్ని నగరానికి ఎగువనున్న సాక్సాయ్‌వామాన్ దుర్గానికి వెళ్తాయి. మరికొన్ని దక్షిణంగా సాగి, పికిల్యాక్తా శిథిల నగరాన్ని, ఆందవాయ్‌లియాస్ చర్చిని చూపించి, రాక్చి ఆలయం దాకా వెళ్లి, చీకటి పడేవేళకు తిరిగి నగర కూడలికి చేరుతాయి. ఇన్కా చక్రవర్తుల రాతి గోడలూ, వారిని జయించిన స్పెయిన్ వారి బంగారు పూత బలిపీఠాలూ ఒకే రోజులో కంటి ముందు నిలుస్తాయి. దారి పొడవునా గైడ్లు వినిపించే కథల్లో అధిక భాగం ఒకే ఒక్కరి గ్రంథం నుంచి వచ్చినవి. ఆ రచయిత 20 ఏళ్ల వయసులో కుస్కోను విడిచి వెళ్లారు. మళ్లీ ఎన్నడూ ఆ నగరాన్ని చూడలేదు. ఆయన గ్రంథం అచ్చులో వెలువడేనాటికి ఆయనకు 70 ఏళ్లు.

ఏటా ఏప్రిల్ 23న మన దేశంలోనూ గ్రంథాలయాలు, విద్యాలయాలు ప్రపంచ పుస్తక దినోత్సవం జరుపుకుంటాయి. 1995లో ఈ తేదీని ఎంచుకున్నప్పుడు యునెస్కో ముగ్గురు రచయితలను స్మరించింది. షేక్‌స్పియర్, సెర్వాంటెస్ పేర్లు అందరికీ సుపరిచితాలు. మూడవ పేరు ఇన్కా గార్సిలాసో దె లా వేగా. మన సభల్లో ఆ పేరు వినిపించడం అరుదు.

ఆయన 1539 ఏప్రిల్ 12న కుస్కోలో జన్మించారు. ఇన్కా చక్రవర్తి అతవాల్పాను ఫ్రాన్సిస్కో పిజారో బంధించి చంపించి అప్పటికి ఆరేళ్లు మాత్రమే అయింది. తండ్రి సెబాస్టియన్ గార్సిలాసో దె లా వేగా స్పెయిన్‌లోని ఎక్స్‌ట్రెమదురా ప్రాంతం నుంచి వచ్చిన సేనాని, కులీన వంశీయుడు. తల్లి చింపు ఓక్లో ఇన్కా రాజకుమార్తె. తూపాక్ ఇన్కా యుపాంకి చక్రవర్తికి మనుమరాలు. బాప్తిస్మంలో ఆమెకు ఇసబెల్ అనే పేరు పెట్టారు. వారిద్దరికీ వివాహం జరగలేదు. విజేతలకూ విజితులకూ పుట్టిన ఇటువంటి సంతానాన్ని స్పెయిన్ వారు మెస్తీసోలు అని పిలిచేవారు. బాలుడికి పెట్టిన పేరు గోమెస్ సువారెస్ దె ఫిగెరోవా. తండ్రి వైపు పూర్వికులలో ప్రసిద్ధుల పేరది. గార్సిలాసో అనే పేరు ఆయన తర్వాత తనకు తాను సంపాదించుకున్నది.

కుస్కో ప్రధాన కూడలికి కొద్ది అడుగుల దూరంలో నేటికీ ఆ ఇల్లు కనిపిస్తుంది. భూకంపాల తర్వాత పునర్నిర్మించిన ఆ భవనంలో ఇప్పుడు ప్రాంతీయ చరిత్ర ప్రదర్శనశాల ఉంది. నగర పర్యటన చేసేవారు సాధారణంగా పది నిమిషాల్లో చూసి వెళ్లిపోయే చోటు. కాని ఆ గోడల మధ్య గడిచిన బాల్యం ప్రశాంతమైనది కాదు. 1544లో పిజారో సోదరుడు గోంసాలో రాజుపై తిరుగుబాటు చేసినప్పుడు బాలుడి తండ్రి లిమాకు తప్పించుకుపోయాడు. కోపగించిన తిరుగుబాటుదారులు ఇంటిని దోచుకున్నారు, ఎదుటి నుంచి ఫిరంగులు పేల్చారు, లోపలి వారు బయటికి రాకుండా నెలల తరబడి కాపలా పెట్టారు. తల్లీ పిల్లలూ ఆకలితో చనిపోకుండా బ్రతికారంటే, ఇన్కా బంధువులు రహస్యంగా చేరవేసిన ధాన్యమే కారణం.

ఆ ఇంట్లో రెండు లోకాలుండేవి. తండ్రి భోజనశాలలో స్పెయిన్ సైనికులు తమ యుద్ధాల గురించి, గుర్రాల గురించి మాట్లాడుకునేవారు. తల్లి వైపు గదుల్లో, వధకు గురికాకుండా మిగిలిన రాజబంధువులు వారంవారం కూడి తమ చక్రవర్తుల వైభవాన్ని తలచుకునేవారు. ఆ సంభాషణలు చాలాసార్లు కన్నీళ్లతో ముగిసేవని ఆయన తర్వాత రాశారు. యుక్తవయసుకు వచ్చాక ఒకనాడు ఆయన తల్లి మేనమామ కూసి వాల్పాను తమ వంశం ఎలా ఆరంభమైందని అడిగారు. లిపి లేని జాతికి తన పూర్వ చరిత్ర ఎలా గుర్తుంటుందన్నది ఆ ప్రశ్న వెనుక ఉన్న సందేహం. వృద్ధుడు చెప్పిన మాంకో కాపాక్ కథ, సూర్యుడు పంపిన దంపతులు బంగారు కడ్డీ నేలలో దిగిన చోట నగరం కట్టిన కథ, ఈ రోజు కుస్కో పాఠశాలల్లో పిల్లలందరికీ తెలుసు. ఇన్కాలకు లిపి లేకపోయినా కిపూ అనే ముడుల తాళ్లుండేవి. పన్నుల లెక్కలు, జనాభా వివరాలు వాటిలో ముడులుగా నిక్షిప్తమై ఉండేవి. బాలుడు వాటిని చదవడం నేర్చుకున్నాడు. తండ్రికి ఏడాదికి రెండుసార్లు పన్ను తెచ్చే గ్రామపెద్దలు స్పెయిన్ గుమస్తాల లెక్కలను నమ్మక, తమ ముడులతో సరిచూడమని ఈ పిల్లవాడినే కోరేవారు.

1549లో తండ్రి స్పెయిన్ కులీన వంశానికి చెందిన కన్య లుయీసా మార్తెల్‌ను వివాహమాడాడు. రాజ్యం ఇచ్చిన భూములు, వాటిపై పనిచేసే ప్రజల హక్కు నిలుపుకోవాలంటే పెళ్లి చేసుకోవాలని ప్రభుత్వం ఒత్తిడి తెస్తున్న కాలమది. ఇన్కా రాజకుమార్తెకు మాత్రం హువాన్ దెల్ పెద్రోచె అనే సామాన్య స్పెయిన్ దేశస్థుడితో వివాహం జరిపించారు. పదేళ్ల కొడుకు తండ్రి ఇంట్లోనే ఉండిపోయాడు. ఈ ఘట్టం గురించి ఆయన గ్రంథంలో దాదాపు ఏమీ చెప్పలేదు. ఫిరంగి గుళ్ల మోత గురించి పేజీలకు పేజీలు రాసిన రచయిత, తల్లి గడప దాటిన రోజు గురించి మౌనం వహించారు.

ఆయన చెప్పిన చిన్న చిన్న సంగతులే పాఠకుడి మనసులో ఎక్కువ కాలం నిలుస్తాయి. కుస్కో లోయలో తొలిసారి ఎద్దులతో నేల దున్నినప్పుడు జనం తండోపతండాలుగా వెళ్లి చూశారు. ఆండీస్ రైతులకు అప్పటివరకు తెలిసినది కాలితో తొక్కి దున్నే కర్ర నాగలి మాత్రమే. ఎద్దులనూ ఆ వింతనూ చూడడానికి బాలుడు బడి ఎగ్గొట్టాడు. అందుకు తండ్రి చేతిలో డజను, పంతులు చేతిలో మరో డజను దెబ్బలు తిన్నాడు. వృద్ధాప్యంలో సైతం ఆ మూడు ఎద్దుల పేర్లు ఆయనకు గుర్తున్నాయి. మరొకసారి తండ్రికి కానుకగా మూడు ఆస్పరాగస్ కాడలు వచ్చాయి. ఆ నేలపై పండిన తొలి పంట. ఏడెనిమిది మంది అతిథులు వాటిని పంచుకుని తిన్నారు. నూనె, సిర్కా తెచ్చి ఇచ్చిన బాలుడికి మాత్రం ఒక ముక్కైనా దక్కలేదు.

సాక్సాయ్‌వామాన్ ఆయనకు ఆటస్థలం. నగరానికి ఎగువన కొండ అంచున మూడు వరుసల వంకీల గోడలు, కొన్ని వంద టన్నులకు పైగా బరువు తూగే రాళ్లు, సున్నం లేకుండా ఒకదానిలో ఒకటి ఇమిడిన కూర్పు నేటి యాత్రికుడిని నిశ్శబ్దంగా నిలబెడతాయి. ఆయన బాల్యంలో ఆ గోడల వెనుక మూడు బురుజుల అవశేషాలు, వాటి కింద సొరంగ మార్గాలు ఉండేవి. తోటి పిల్లలతో కలిసి సొరంగాల్లోకి వెళ్లినా, సూర్యకాంతి పడే మేర దాటి ముందుకు సాగే ధైర్యం తమకు ఉండేది కాదని ఆయన ఒప్పుకున్నారు. దారి తప్పకుండా నూలు ఉండ చివర పట్టుకుని లోపలికి వెళ్లిన పెద్దల సంగతి కూడా రాశారు. ఎదుటి గుట్టపై నున్నని రాతి జారుడు ఇప్పటికీ ఉంది. బస్సులు దిగిన పిల్లలు నేడూ అక్కడ జారుతూనే ఉంటారు.

ఆ దుర్గాన్ని కూల్చింది యుద్ధం కాదు, ఇళ్ల నిర్మాణం. స్పెయిన్ వారు కొత్త ఇళ్లకూ చర్చిలకూ కావలసిన రాయి కోసం బురుజులను నేలమట్టం చేశారు. మనుషులు మోయలేనంత పెద్ద రాళ్లను మాత్రమే విడిచిపెట్టారు. ఆ దృశ్యం ఆయన కళ్లముందే జరిగింది. ఇంతటి కట్టడాన్ని తమ విజయానికి గుర్తుగానైనా కాపాడుకోవలసిందని ఆయన విజేతలను నిందించారు. సున్నితమైన మాటల్లో రాసే ఈ రచయిత స్వరం కఠినమయ్యే సందర్భాల్లో ఇది ఒకటి.

నగరంలోని చర్చిల కథ కూడా ఇదే. ప్రధాన కేథడ్రల్ విరాకోచా ఇన్కా ప్రాసాదం ఉన్న స్థలంలో లేచింది. ఆయన నగరం విడిచిన రోజుల్లో మొదలై 1654 నాటికి పూర్తయిన ఆ కట్టడంలో సాక్సాయ్‌వామాన్ రాళ్లున్నాయి. సూర్యదేవాలయమైన కోరికాంచా పునాదులపై డొమినికన్ సన్యాసులు తమ మఠం కట్టుకున్నారు. 1950 మే 21న సంభవించిన భూకంపంలో మఠం భాగాలు కూలి, వాటి వెనుక దాగి ఉన్న ఇన్కా గోడలు బయటపడ్డాయి; ఆ గోడలకు పెద్దగా హాని జరగలేదు. కోరికాంచాలో బంగారంతో చేసిన మొక్కజొన్న కంకులు, పూలు, పక్షులతో కూడిన తోట ఉండేదన్న వర్ణన ఆయన గ్రంథం ద్వారానే ప్రపంచమంతా ప్రచారమైంది. అయితే ఆ తోటను ఆయన చూడలేదు. ఆయన పుట్టకముందే దాన్ని కరిగించి పంచుకున్నారు. గోడల్లో పచ్చలు పొదిగిన రంధ్రాలు మాత్రమే ఆయన చూసినవి. ఆలయంలోని బంగారు సూర్యబింబం వాటాగా పొందిన సైనికుడు మాన్సియో సెర్రా, తెల్లవారకముందే దాన్ని జూదంలో పోగొట్టుకున్నాడన్న కథను కూడా ఆయనే నమోదు చేశారు.

1559లో తండ్రి మరణించాడు. కొడుకు స్పెయిన్‌లో చదువుకోవడానికి నాలుగు వేల పెసోలు వీలునామాలో విడిచిపెట్టాడు. ప్రయాణానికి ముందు యువకుడు వీడ్కోలు చెప్పడానికి నగర పాలనాధికారి పోలో దె ఒందెగార్దో ఇంటికి వెళ్లాడు. ఆ అధికారి ఇన్కాలు దాచి పూజిస్తున్న పూర్వ చక్రవర్తుల శుష్క దేహాలను అంతకుముందే వెతికించి స్వాధీనం చేసుకున్నాడు. ఒక గదిలోకి తీసుకెళ్లి, వంశీయుడివి కనుక చూసి వెళ్లమన్నట్లుగా చూపించాడు. ముగ్గురు రాజులు, ఇద్దరు రాణులు, రాజవస్త్రాలతో, చేతులు గుండెలపై మడిచి, కళ్లు నేలకు వాల్చి కూర్చుని ఉన్నారు. యువకుడు వాయ్నా కాపాక్ చక్రవర్తి వేలిని తాకి చూశాడు. అది కొయ్యలా బిగుసుకుని ఉంది. ఆ దేహాలను తెల్లని గుడ్డల్లో చుట్టి వీధుల వెంట తీసుకుపోయినప్పుడు ఇన్కా ప్రజలు మోకరిల్లి విలపించారని, స్పెయిన్ వారు సైతం టోపీలు తీశారని ఆయన రాశారు. తర్వాత వాటిని లిమాకు తరలించారు. నేటికీ వాటి జాడ దొరకలేదు.

1560 జనవరి 20న ఆయన కుస్కో నుంచి బయలుదేరారు. మరుసటి ఏడాది స్పెయిన్ చేరి, దక్షిణాన ఉన్న మోంతిల్యా పట్టణంలో పినతండ్రి అలోన్సో దె వర్గాస్ ఆశ్రయం పొందారు. తండ్రి చేసిన సేవలకు ప్రతిఫలం, తల్లికి చెందవలసిన ఆస్తి కోరుతూ మాడ్రిడ్‌లో రాజసభను ఆశ్రయించారు. అర్జీని విచారించిన వారిలో లోపె గార్సియా దె కాస్ట్రో ఒకరు. అప్పటికే అచ్చయిన చరిత్రలను ఆధారంగా చూపి ఆయన అర్జీని తోసిపుచ్చాడు. 1547లో వారీనా యుద్ధంలో గుర్రం పడిపోయిన తిరుగుబాటు నాయకుడు గోంసాలో పిజారోకు, ఈ యువకుడి తండ్రి తన గుర్రం సాలినియాస్‌ను ఇచ్చి ప్రాణం కాపాడాడని ఆ చరిత్రలు చెప్పాయి. రాజద్రోహికి సాయపడిన వాడి కొడుక్కి బహుమానమెక్కడిదన్నది తీర్పు.

ఒక పుస్తకంలోని ఒక వాక్యం ఆయన జీవనాధారాన్ని తుడిచిపెట్టింది. ఆ వాక్యం రాసిన లోపెస్ దె గోమరా గ్రంథం ప్రతి ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాని అంచుల్లో ఆయన స్వహస్తంతో రాసుకున్న వ్యాఖ్యలున్నాయి. ఆ అబద్ధం తన నోటి కూడు తీసిందని, బహుశా అదీ మంచికేనేమోనని ఒకచోట చేదుగా రాసుకున్నారు. ఆ ప్రతి ఇప్పుడు లిమాలోని జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. యుద్ధం ముగిశాకే తండ్రి గుర్రం ఇచ్చాడని ఆయన జీవితాంతం వాదించారు. గుర్రం ఇవ్వలేదని మాత్రం ఎన్నడూ అనలేదు. ఆయన నిజాయితీకి ఈ ఒక్క అంశం చాలు.

1563లో పెరూ తిరిగి వెళ్లడానికి అనుమతి లభించినా ఆయన ఓడ ఎక్కలేదు. కారణం చెప్పలేదు. ఆ ఏడాది నవంబరు నాటికి తండ్రి పేరు స్వీకరించి గార్సిలాసో దె లా వేగా అయ్యారు. సభ నిరాకరించిన తండ్రిని ఆ విధంగా తన సంతకంలో నిలుపుకున్నారు. 1571లో తల్లి కుస్కోలో కన్నుమూసింది. మరుసటి ఏడాది కడపటి ఇన్కా తూపాక్ అమారూను స్పెయిన్ ప్రభుత్వం కుస్కో కూడలిలో శిరచ్ఛేదం చేసింది. ఆయనతో చదువుకున్న మెస్తీసోలు కొందరు కుట్ర అనుమానంతో దేశాంతరం పాలయ్యారు.

అంతకుముందు 1570లో గార్సిలాసో కూడా కత్తి పట్టారు. గ్రనాడా సమీపంలోని అల్పుహారా కొండల్లో తిరగబడిన మొరిస్కోలను, అంటే బలవంతంగా క్రైస్తవులను చేసిన ముస్లింల సంతతిని అణచడానికి వెళ్లిన సేనలో ఆయన సేనానిగా పనిచేశారు. ఒక విజిత జాతి బిడ్డ మరో విజిత జాతిపై ఖడ్గం ఎత్తడంలోని వైరుధ్యం ఆయనను బాధించిందో లేదో ఆయన రాతల్లో కనిపించదు. అప్పుల పాలై ఇంటికి చేరారు. ఆపైన దాదాపు ఇరవై ఏళ్లు మోంతిల్యాలోనే గడిచాయి. గుర్రాల పెంపకం, వడ్డీ రాబడులు, పసిపిల్లల బాప్తిస్మాలకు జ్ఞానపితగా సంతకాలు, రాత్రివేళ పుస్తకాలు.

తొలి పుస్తకం వెలువడేనాటికి ఆయనకు యాభై దాటాయి. 1590లో మాడ్రిడ్‌లో అచ్చయిన ఆ గ్రంథం, ఇటాలియన్ భాషలోని ప్రేమ తత్త్వ సంవాదాలకు స్పానిష్ అనువాదం. మూల రచయిత లియోన్ హెబ్రెయో స్పెయిన్ బహిష్కరించిన యూదుడు. ముఖపత్రంపై అనువాదకుడు తనను పెరూకు చెందిన ఇండియన్‌గా, ఇన్కాగా ప్రకటించుకున్నారు. ఇన్కాల సంప్రదాయం ప్రకారం ఆ బిరుదు తండ్రి వైపు నుంచే సంక్రమిస్తుంది. తల్లి వైపు నుంచి రాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా వాడారు. తర్వాత కార్దొబా నగరానికి మారి, హెర్నాందో దె సోతో దండయాత్ర గురించిన ఫ్లోరిడా చరిత్రను 1605లో లిస్బన్‌లో ప్రచురించారు. ఆ దండయాత్రలో పాల్గొన్న వృద్ధ సైనికుడు గోంసాలో సిల్వెస్ట్రె చెప్పగా రాసినది అది.

1609లో లిస్బన్‌లోనే ఆయన ప్రధాన రచన తొలి భాగం వెలువడింది. ఇన్కాల రాజ వ్యాఖ్యానాలు అని దాని పేరు. అందులోని వంశచిహ్నం రెండు సగాలు. ఒకవైపు తండ్రి వంశపు ముద్రలు, మరోవైపు సూర్యచంద్రులు, ఇంద్రధనుస్సు, రెండు సర్పాలు, ఇన్కా రాజచిహ్నం. ఆయన తన జ్ఞాపకాలపైనే ఆధారపడలేదు. చిన్ననాటి సహాధ్యాయులకు ఉత్తరాలు రాసి, ఒక్కొక్కరి తల్లి వైపు ప్రాంతాల వివరాలు తెప్పించుకున్నారు. జెసూట్ మతాచార్యుడు బ్లాస్ వలేరా లాటిన్‌లో రాసిన చరిత్ర, 1596లో ఆంగ్లేయులు కాడిస్ రేవును దోచుకున్నప్పుడు చిరిగి ముక్కలైంది. మిగిలిన కాగితాలు ఆయన చేతికి వచ్చాయి. వాటి వాక్యాలను పేరు చెప్పి మరీ ఉపయోగించుకున్నారు.

భాషాభిమానులను ఈ గ్రంథం మొదటి పుటల్లోనే ఆకట్టుకుంటుంది. చరిత్ర మొదలుపెట్టే ముందు ఆయన క్వెచువా ఉచ్చారణ పాఠం చెప్పారు. వాకా అనే మాటలో చివరి అక్షరాన్ని అంగిలితో పలికితే పవిత్ర వస్తువు, గొంతులోంచి పలికితే ఏడవడం అని అర్థం. ఈ తేడా వినలేని స్పెయిన్ చరిత్రకారులు ఇన్కాల మతం గురించి ఏమి రాసినా సందేహించక తప్పదన్నది ఆయన వాదం. తల్లిపాలతో తాగిన భాష తనకున్నదనీ, వారికి లేదనీ ఆయన వినయంగానే గుర్తుచేశారు. తండ్రిని దోషిగా నిలిపిన చరిత్ర గ్రంథాలకు ఆయన ఇచ్చిన సమాధానం అది.

అయితే యాత్రికుడి దారి ఆయనను అడుగడుగునా సమర్థించదు. కుస్కోకు ఆగ్నేయంగా 30 కిలోమీటర్ల దూరంలోని పికిల్యాక్తాలో రాతి గోడల వీధులు చతురస్రాలుగా సాగుతాయి. అది ఇన్కాల కట్టడం కాదు. వారికి శతాబ్దాల ముందు వర్ధిల్లిన వారీ రాజ్యం నిర్మించిన నగరం. ఇన్కాలు రాకముందు ఆండీస్ ప్రజలు అనాగరికులుగా బతికారనీ, పంటలు, నేత, చట్టం ఇన్కాలే నేర్పారనీ గార్సిలాసో రాశారు. తల్లి బంధువులు చెప్పింది అదే. ఆయన దాన్ని ప్రశ్నించలేదు. ఇన్కాలు నరబలి ఎరగరని కూడా ఆయన నొక్కి చెప్పారు. 1995లో అంపాతో పర్వత శిఖరం వద్ద మంచులో దొరికిన బాలిక దేహం ఆ మాటకు ఎదురు సాక్ష్యం.

ఇంకాస్త దూరంలో ఆందవాయ్‌లియాస్ గ్రామం. ఇక్కడి సెయింట్ పీటర్ చర్చి బయటి నుంచి సాదా మట్టి ఇటుకల కట్టడం. లోపల పైకప్పు నుంచి గోడల దాకా చిత్రాలే. లుయిస్ దె రియాన్యో 1620లలో గీసిన కుడ్యచిత్రాలు వాటిలో ప్రసిద్ధమైనవి. ఆనాటి మతగురువు హువాన్ పెరెస్ బొకానెగ్రా 1631లో అచ్చు వేయించిన గ్రంథంలోని క్వెచువా స్తోత్రం, అమెరికా ఖండాల్లో ముద్రితమైన తొలి బహుస్వర గానంగా పేరొందింది. బాప్తిస్మ మందిర ద్వారంపై లాటిన్, స్పానిష్, క్వెచువా, ఐమారా, పుకీనా అనే ఐదు భాషల్లో రాసి ఉంది. పుకీనా ఇప్పుడు మాట్లాడేవారు లేని భాష. రాజకుటుంబం తమలో తాము రహస్య భాష మాట్లాడుకునేదని గార్సిలాసో చెప్పారు. అది పుకీనాకు సంబంధించినది కావచ్చునని కొందరు భాషావేత్తల అభిప్రాయం. ఈ చిత్రాలు గీసేనాటికి ఆయన జీవించి లేరు. ఉండి ఉంటే క్వెచువాలో క్రైస్తవ గానం వినడం ఆయనకు ఎంతో ఇష్టమయ్యేదని ఊహించడం కష్టం కాదు.

రాక్చిలో విరాకోచా ఆలయం నడిగోడ ఇప్పటికీ నిలిచి ఉంది. కింద చెక్కిన రాయి, పైన మట్టి ఇటుక. దాదాపు 12 మీటర్ల ఎత్తు. ఆలయం పొడవు 90 మీటర్లకు పైనే. ఇన్కాలు కప్పు వేసిన అతిపెద్ద భవనాల్లో ఇదొకటని పురావస్తు శాస్త్రజ్ఞులు తేల్చారు. గార్సిలాసో లెక్క ప్రకారం దీని పొడవు 120 అడుగులు, పైకప్పు లేదు. కొలతా తప్పు, కప్పు విషయమూ తప్పు. అక్కడ గడ్డంతో, పొడవైన అంగీతో ఒక విగ్రహం ఉండేదని, స్పెయిన్ వారు అది సెయింట్ బర్తలోమియోను పోలి ఉందని భావించారని, బంగారం కోసం వెతుకుతూ ఆలయాన్ని ధ్వంసం చేశారని ఆయన రాశారు. పైకప్పు సంగతి సరిచూసుకోవడానికి ఆయనకు మార్గం లేదు. ఆయనకూ రాక్చికీ మధ్య ఒక మహాసముద్రం, నాలుగు దశాబ్దాలు ఉన్నాయి. నేటి గైడ్లలో నిపుణులైనవారు ఆ వర్ణనను, దాని పొరపాటును రెండింటినీ చెబుతారు.

ఆయన జీవితంలో మరొక ఘట్టం ఉంది. 1603లో కుస్కోలో మిగిలిన ఇన్కా వంశీయులు తెల్లని పట్టుగుడ్డపై తమ వంశవృక్షం చిత్రించి స్పెయిన్‌కు పంపారు. పురుష సంతతికి చెందిన 567 మంది తరఫున, పన్నుల నుంచి విముక్తి కోరుతూ రాజును అర్థించే అధికారం ఇచ్చిన పత్రాలవి. అందుకున్న వారిలో గార్సిలాసో ఒకరు. గ్రంథరచనలో తలమునకలై ఉన్నందున తాను ఆ పని చేపట్టలేనని, పత్రాలను మరొకరికి అప్పగించానని ఆయన దాచకుండా రాశారు. వంశం తరఫున రాజసభ మెట్లు ఎక్కడమా, పుస్తకం పూర్తి చేయడమా అన్న ఎంపికలో ఆయన రెండవదే ఎన్నుకున్నారు. ఒకసారి ఆ మెట్లెక్కి దిగిన మనిషి కనుక, ఆయనను తప్పుపట్టడం తేలిక కాదు. ఆ కాగితం అందిన బంధువులు మాత్రం ఎలా భావించి ఉంటారో!

కార్దొబాలో ఆయన మతాధికారుల సహవాసంలో నిరాడంబరంగా బతికారు. బెయాత్రిస్ అనే పరిచారిక ద్వారా దియేగో అనే కుమారుడు కలిగాడు. 1612లో కార్దొబా కేథడ్రల్‌లో ఒక చిన్న ప్రార్థనామందిరాన్ని తన సమాధి కోసం కొన్నారు. ఆ కేథడ్రల్ పూర్వం ఉమయ్యద్ పాలకుల మహా మసీదు. ఎర్ర తెలుపు కమానుల నడుమ చర్చి నిర్మించిన చోటు. గుడిపై గుడి కట్టడం కుస్కోలో చూసిన కళ్లకు ఆ దృశ్యం కొత్త కాదు. 1616 ఏప్రిల్‌లో ఆయన తనువు చాలించారు. సంప్రదాయంగా 23వ తేదీని పాటిస్తారు. రెండవ భాగం మరుసటి ఏడాది పెరూ సాధారణ చరిత్ర అనే పేరుతో వెలువడింది. కుమారుడు దియేగో ఆ మందిరంలో పరిచర్య చేస్తూ ఉండిపోయాడు.

పుస్తకం కథ అంతటితో ముగియలేదు. 1723లో మాడ్రిడ్‌లో మళ్లీ అచ్చయి, ఆండీస్‌లోని ఇన్కా వంశీయ కుటుంబాల చేతికి చేరింది. రాక్చి వెళ్లే బస్సులు తింతా పట్టణం మీదుగా వెళ్తాయి. ఆ ప్రాంతపు స్థానిక నాయకుడు హోసె గాబ్రియెల్ కోందోర్కాంకి ఆ గ్రంథం చదివినవాడు. కడపటి ఇన్కా వంశీయుడినని ప్రకటించుకుని తూపాక్ అమారూ పేరు ధరించాడు. 1780 నవంబరులో ఆయన లేవదీసిన తిరుగుబాటు ఆండీస్ అంతటా వ్యాపించింది. 1781 మే 18న ఆయననూ, భార్య మికయేలా బస్తీదాస్‌నూ కుస్కో కూడలిలో దారుణంగా వధించారు. ఆ తర్వాత స్పెయిన్ ప్రభుత్వం దృష్టి గార్సిలాసో పుస్తకంపై పడింది. ప్రతులను సేకరించి జప్తు చేయాలని ఆదేశాలు వెళ్లాయి. 1814లో దక్షిణ అమెరికా విమోచన నాయకుడు సాన్ మార్తిన్ ఆ గ్రంథాన్ని తిరిగి అచ్చు వేయించాలని ప్రయత్నించారు. అది నెరవేరలేదు.

1978 నవంబరులో స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ కుస్కో వచ్చినప్పుడు కార్దొబా నుంచి గార్సిలాసో అస్థికలలో కొంత భాగాన్ని తీసుకొచ్చారు. వాటిని కేథడ్రల్ పక్కనే ఉన్న ఎల్ త్రియున్‌ఫో చర్చిలో ఉంచారు. ఆ పేరుకు విజయమని అర్థం. 1536లో మాంకో ఇన్కా సేనలు నగరాన్ని ముట్టడించి ఇళ్లకు నిప్పుపెట్టినప్పుడు, స్పెయిన్ సైనికులు తలదాచుకుని బతికి బయటపడిన చోట ఆ చర్చి వెలసింది. సాయంత్రం కూడలిలో బస్సు దిగిన యాత్రికుల్లో కొందరు ఆ చర్చిలోకి వెళ్లి, మెట్లు దిగి, నేలమాళిగలో ఆయన అస్థికల పేటికను చూస్తారు. మిగిలిన భాగం కార్దొబాలో, ఆయన కొనుక్కున్న మందిరంలోనే ఉంది.